అరకు చలిలో 21 కిలోమీటర్లు: పరుగుకు ముందు జాగ్రత్తలు

నవంబరు చివరి నుంచి జనవరి దాకా అరకు లోయలో తెల్లవారుజాము చలి ఎలా ఉంటుందో మైదానం నుంచి వచ్చేవారికి చెబితే అర్థం కాదు. ఉదయం ఆరింటికి విశాఖ బీచ్ రోడ్డు మీద పలచటి బనియనుతో పరుగెత్తే మనిషి అదే వేళకు అరకులో చేతులు చంకల్లో దూర్చుకుని, పళ్లు కొరుకుతూ నిలబడతాడు. అయితే చలి వణికించినంతసేపు ఎవరైనా జాగ్రత్తగానే ఉంటారు. రెండు మూడు కిలోమీటర్లు దాటాక ఒళ్లు వేడెక్కి, చెమట కనబడక, దాహం తెలియక, ఇరుపక్కలా పసుపు పరిచినట్టున్న వలిసె (నూనెగింజ పంట) చేలు చూస్తూ ప్రాణం హాయిగా అనిపించినప్పుడే కాళ్లు అదుపు తప్పి, అలవాటైన వేగం కంటే ఎక్కువగా పరుగెడతాయి. హాఫ్ మారథాన్ కచ్చితమైన దూరం 21.0975 కిలోమీటర్లు కాబట్టి, మొదటి అయిదు కిలోమీటర్లలో చేసిన దుబారాకు లెక్క చెప్పుకోవడానికి ఇంకా పదహారు మిగిలే ఉంటాయి.

అరకు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. విశాఖ నుంచి వచ్చే రైలు దారిలోని శిమిలిగుడ స్టేషన్ 996 మీటర్ల ఎత్తున ఉంటుంది. ఈ మాత్రం ఎత్తుకు ఊపిరి అందదేమోనన్న భయం అక్కరలేదు. పట్టించుకోవలసింది రోడ్డు ఎగుడుదిగుళ్లను, ముఖ్యంగా దిగుళ్లను. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది గనుక ఎవరూ చెప్పకపోయినా మనిషి నెమ్మదిస్తాడు, కాని దిగేటప్పుడు హెచ్చరించడానికి ఆయాసం ఉండదు. ఆ సమయంలో తొడ ముందుభాగం కండరం ఒకవైపు సాగుతూనే మరోవైపు శరీరం బరువును ఆపవలసి వస్తుంది, ఆ పనికి అలవాటు లేని కండరం లోలోపల సన్నగా చిట్లుతుంది. మొదటిసారి సుంకరిమెట్ట కాఫీ తోటల వైపు పరుగెత్తినప్పుడు ఒక పొడవాటి దిగుడులో నేను చాలామందిని దాటుకుంటూ పోయి తెగ మురిసిపోయాను. పదహారో కిలోమీటరు దగ్గర తొడలు కర్రల్లా బిగిసిపోయాయి, వాళ్లంతా ఒక్కొక్కరుగా నన్ను దాటుకుంటూ పోయారు. మర్నాడు లాడ్జి మెట్లు రెండు చేతులతో రెయిలింగు పట్టుకుని వెనక్కి తిరిగి దిగవలసి వచ్చింది.

దీనికి మందు ముందుగానే దిగుడు మీద సాధన చేయడం. విశాఖవాసులకు కైలాసగిరి రోడ్డు, సింహాచలం కొండ దారి ఉన్నాయి. హైదరాబాదులో ఉన్నవారు ఏదైనా పొడవైన ఫ్లైఓవర్ వాలును తెల్లవారకముందే, బండ్లు లేని వేళ చూసుకుని వాడుకోవచ్చు. పరుగుకు మూడు నాలుగు వారాల ముందు ఒకటి రెండుసార్లు చేసినా ఆ అలవాటును కండరం కొన్ని వారాలు గుర్తుపెట్టుకుంటుంది. చివరి పది రోజుల్లో మాత్రం ఈ ప్రయోగం చేయకూడదు. దిగేటప్పుడు అంగలు పొడవుగా వేయకుండా చిన్న అడుగులు వేగంగా వేయాలి. మడమ గుద్దుకుంటూ వెనక్కి వాలి ఆపుకొనే ప్రయత్నం చేస్తే దెబ్బ నేరుగా మోకాలికి తగులుతుంది.

మిగతా సాధన గురించి కొత్తగా చెప్పవలసింది తక్కువ. అంతకుముందు కనీసం ఒకటి రెండుసార్లయినా 16 నుంచి 18 కిలోమీటర్లు ఆగకుండా పరుగెత్తి ఉండాలి, చివరి పది రోజులు దూరం తగ్గించుకోవాలి, కొత్త బూట్లు ఆ రోజున తొలిసారి తొడగకూడదు. నలభై దాటినవారు, బీపీ, షుగరు ఉన్నవారు, ఇంట్లో చిన్న వయసులో గుండెపోటు వచ్చినవారున్న కుటుంబాలవారు పేరు నమోదు చేసుకునే ముందే డాక్టరును కలవాలి. ఇన్సులిన్ తీసుకునేవారికి పరుగు మధ్యలో షుగరు పడిపోయే ప్రమాదం ఉంది కాబట్టి ఆ ఉదయం మోతాదు ఎంతో డాక్టరే చెప్పాలి. వారం లోపల జ్వరం వచ్చి తగ్గినవారు, ఎంత డబ్బు కట్టినా సరే, ఈసారికి మానుకోవడమే మంచిది. జ్వరం కలిగించిన వైరస్ గుండె కండరాన్ని కూడా వాచేలా చేసి ఉండవచ్చు, ఆ సంగతి బయటికి తెలియదు.

విశాఖ నుంచి అరకుకు రోడ్డు మీద సుమారు 115 కిలోమీటర్లు. అర్ధరాత్రి బయలుదేరి తెల్లవారేసరికి చేరి అటునుంచి అటే పరుగెత్తుదామనుకోవడం తప్పు. అనంతగిరి ఘాట్ మలుపుల్లో వాంతులు చేసుకున్న మనిషి ఒంట్లో నీరు, ఉప్పు అప్పటికే కొంత పోగొట్టుకుని పరుగు మొదలయ్యే గీత దగ్గర నిలబడతాడు. ముందురోజు మధ్యాహ్నానికే చేరి, చీకటి పడకముందే తేలికగా తిని పడుకోవాలి. బొంగు చికెన్ ఎక్కడికీ పోదు, పరుగు అయ్యాక తినవచ్చు. ఉదయం రెండు గంటల ముందు రెండు ఇడ్లీలో, ఒక అరటిపండో, ఇంట్లో అలవాటైనదేదో తినాలి. చోడి (రాగి) అంబలి మంచి ఆహారమే, కాని జీవితంలో మొదటిసారి తాగడానికి ఆ ఉదయం తగినది కాదు.

బట్టల విషయంలో ఒక సూత్రం పనికివస్తుంది: గీత దగ్గర కాస్త చలిగా అనిపిస్తే సరిగ్గా వేసుకున్నట్టు. పలచటి పొడి బనియను మీద పాత స్వెట్టరు వేసుకుని, పిలిచే దాకా ఉంచుకుని, తరువాత సామాను దగ్గర ఇచ్చేయవచ్చు. చేతులకు తొడుగులు, చెవులు కప్పే గుడ్డ ఉంటే చాలు. కాలివేళ్ల మధ్య, చంకల్లో, తొడల లోపలివైపు వేజలిన్ పూసుకుంటే ఒరుసుకుని మంటపుట్టదు.

ఇక రోడ్డు. పొగమంచులో పదిహేను ఇరవై అడుగుల అవతల ఏముందో కనబడని రోజులుంటాయి కాబట్టి ముదురు రంగు చొక్కా వేసుకోకూడదు. వాహనాలను పూర్తిగా ఆపని చోట కుడిపక్కన, ఎదురొచ్చే బండిని చూస్తూ పరుగెత్తాలి. కుడివైపు తిరిగే గుడ్డి మలుపు వస్తే మాత్రం డ్రైవరుకు మనం చివరి క్షణం దాకా కనబడము గనుక, వెనక చూసుకుని బయటి అంచుకు మారాలి. సెలవు రోజుల్లో రాత్రంతా నిద్రలేకుండా కారు నడుపుకొచ్చిన పర్యాటకులు అదే రోడ్డు మీద ఉంటారు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు వద్దు. ఎవరూ చెప్పని మరో సంగతి ఉంది. కోతలయ్యాక రైతులు రోడ్డు అంచునే కళ్లంగా చేసుకుని పంట ఆరబోస్తారు, గడ్డి పరుస్తారు. ఆ గడ్డి మీద మంచు పడితే సబ్బు నురుగులా జారుతుంది. పక్కకు తప్పుకుని నడవాలి తప్ప దాని మీద నుంచి పరుగెత్తకూడదు, గింజలు తొక్కకుండా ఉండటం మర్యాద కూడా. ఫొటో కోసం వలిసె చేలోకి దిగేవారు మడమ మెలిపడేది ఆ తడి గట్ల మీదే. కుక్క వెంటపడితే వేగం పెంచకుండా నిలబడి, దానివైపు తిరిగి మెల్లగా వెనక్కి నడిస్తే సాధారణంగా వదిలేస్తుంది. పరుగు మధ్యలో శక్తి కోసం తినే జెల్ కవర్లు వాడేశాక జేబులోనే ఉంచుకోవాలి, మేతకు వచ్చిన పశువు వాటిని మింగుతుంది.

చలిలో దాహం ఆలస్యంగా తెలుస్తుంది, చెమట గాలికి వెంటనే ఆరిపోతుంది గనుక ఒంట్లో నీరు తగ్గుతున్నా గమనించము. అలాగని దారిలో నీళ్లు పెట్టిన ప్రతి బల్ల దగ్గరా కడుపునిండా తాగకూడదు. నీరు అతిగా తాగితే రక్తంలో సోడియం పలచబడి తలనొప్పి, వికారం, తికమక వస్తాయి, ముదిరితే ప్రాణం మీదికి కూడా రావచ్చు. నాలుగైదు గుక్కలు చొప్పున తాగితే చాలు. ఓఆర్‌ఎస్ పెద్ద పొట్లాన్ని లీటరు నీటిలోనే కలపాలి, రుచి కోసం అర లీటరులో చిక్కగా కలిపితే కడుపు తిప్పుతుంది. నొప్పి రాకుండా ముందే ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటి మాత్రలు వేసుకోవడం చాలామందికి అలవాటు. నీరు తగ్గిన శరీరంలో అవి మూత్రపిండాలను దెబ్బతీయగలవు.

ఛాతీ బరువెక్కడం, నొప్పి దవడకో ఎడమ చేతికో పాకడం, కళ్లు తిరగడం, మాట తడబడటం వీటిలో ఏది కనబడినా అక్కడే ఆగి కూర్చోవాలి, పక్కవారు 108కు ఫోను చేయాలి. కొన్ని మలుపుల్లో సిగ్నలు అందదు కాబట్టి వాలంటీరు ఎక్కడ కనబడ్డాడో గుర్తుంచుకోవాలి. బిబ్ (చొక్కాకు తగిలించుకునే నంబరు కాగితం) వెనక రక్తం గ్రూపు, ఇంట్లోవాళ్ల ఫోను నంబరు, వాడే మందులు రాసి ఉండాలి. ముగింపు గీత దాటాక పతకం మెడలో వేసుకుని ఫొటోలు దిగుతూ నిలబడితే తడిసిన బనియను పది నిమిషాల్లో ఒళ్లంతా వణికిస్తుంది. ముందు పొడి చొక్కా మార్చుకుని, పది నిమిషాలు నడిచి, వేడిగా ఏదైనా తాగాలి.

అల్లూరి సీతారామరాజు జిల్లా మన్యంలో మలేరియా ఉంది. సాయంత్రం నుంచి పొడుగు చేతుల చొక్కా వేసుకుని, దోమల మందు రాసుకోవాలి. ఇంటికి వెళ్లిన రెండు మూడు వారాల్లో చలితో జ్వరం వస్తే పరుగు అలసట అనుకుని పారాసిటమాల్‌తో సరిపెట్టకుండా, అరకు వెళ్లి వచ్చినట్టు డాక్టరుకు చెప్పి, అదే రోజు రక్తపరీక్ష చేయించుకోవాలి.