ఒకే నెత్తురు, వేరే బంతి: తొలి అమెరికన్ రచనల మీద ఆన్సర్ రాయడం ఎలా?

గుంటూరు, విజయవాడల్లో ఎం.ఏ. ఇంగ్లిష్ చదివేవాళ్లు ఈ టాపిక్‌ని గైడు చూసి రాస్తే ఒకే తప్పు చేస్తారు. ప్యూరిటన్లంటే (ఇంగ్లండ్ నుంచి అమెరికాకు వలసవెళ్లిన నిష్ఠగల ప్రొటెస్టెంట్లు) మతం, జెఫర్సన్ (అమెరికా స్వాతంత్ర్య ప్రకటన చిత్తుప్రతి రాసినవాడు) అంటే సమానత్వం అని తేల్చేస్తారు. నిజానికి ఆ రెండూ ఒకే వాక్యంలో కలిసి ఉంటాయి, ఒక్కోసారి కొట్టుకుంటాయి కూడా.

నాలుగు రచనలు చాలు: ప్యూరిటన్ వలస నాయకుడు జాన్ విన్‌త్రోప్ ప్రసంగం ‘ఎ మోడల్ ఆఫ్ క్రిస్టియన్ ఛారిటీ’ (1630), బోస్టన్ న్యాయమూర్తి శామ్యూల్ సూవల్ కరపత్రం ‘ది సెల్లింగ్ ఆఫ్ జోసెఫ్’ (1700), ఆఫ్రికా నుంచి బానిసగా అమెరికా చేరిన ఫిలిస్ వీట్లీ కవిత ‘ఆన్ బీయింగ్ బ్రాట్ ఫ్రమ్ ఆఫ్రికా టు అమెరికా’ (1773), అమెరికా స్వాతంత్ర్య ప్రకటన (1776). పక్కన కింగ్ జేమ్స్ బైబిలు (పాత ఇంగ్లిష్ అనువాదం), తెలుగు బైబిలు పెట్టుకోండి. తెలుగుదైతే మన ఊళ్లలో పక్కింట్లో అడిగినా దొరుకుతుంది. ఒక్కో రచననీ ఒకటే ప్రశ్న అడగండి: సమానత్వం దేవుడి ముందేనా, ఒకే బంతిలో కూర్చోబెట్టేదాకా వస్తుందా?

విన్‌త్రోప్ దగ్గర ఆగక్కర్లేదు. కొందరు ధనికులుగా, కొందరు పేదలుగా ఉండటం దైవనిర్ణయమని మొదట్లోనే అంటాడు. తమ వలసను లోకమంతా చూసే ‘కొండమీది పట్టణం’తో అతను పోల్చిన మాట ఒక్కటే రాసి ఈ మాట వదిలేస్తే ఆన్సర్ సగమే.

అసలు పని సూవల్‌తో. బానిసత్వం తప్పనడానికి అతను అపొస్తలుల కార్యములు 17:26 ఎత్తుతాడు. కింగ్ జేమ్స్‌లో ‘ఒకే రక్తం’ అని ఉంటుంది. వాడుకలో ఉన్న తెలుగు బైబిల్లో ‘యొకనినుండి’ అనే ఉంది, రక్తం మాటే లేదు. తెలుగు ఒక్కటే చూస్తే అతని వాదం పట్టు దొరకదు. ఎందుకంటే అదే కరపత్రంలో ఆఫ్రికన్లు మనలో కలవలేరని, దేశమనే ఒంట్లో రక్తనాళం దాటి బయటికొచ్చిన నెత్తురులా మిగిలిపోతారని అంటాడు. ఒకే రక్తమన్న నోటితోనే ఈ మాట! రెండు వాక్యాలనూ పక్కపక్కన రాసి, ఏది ఏ అవసరానికి వచ్చిందో చెప్పండి. ‘సూవల్ గొప్ప మానవతావాది’ అని ముగిస్తే చదవలేదని తెలిసిపోతుంది.

వీట్లీ కవిత ఎనిమిదే పాదాలు. ఆఫ్రికా నుంచి తనను తెచ్చింది ‘దయ’ అన్న మొదటి పాదం దగ్గరే ఆగి, బానిసత్వాన్ని పొగిడిందనుకుంటారు. ఏడో పాదంలో క్రైస్తవులు, నీగ్రోలు, కయీను (బైబిల్లో తమ్ముణ్ణి చంపినవాడు) వరసగా కామాలతో వస్తారు. కయీనులా నల్లనివాళ్లెవరు? వ్యాకరణ ప్రకారం క్రైస్తవులు కూడా కావచ్చు. ఈ కామా మీద ఒక పేరా రాయండి. తర్వాత 1774లో ఆమె శాంసన్ ఆకమ్‌కి (అమెరికా ఆదివాసీ అయిన క్రైస్తవ బోధకుడు) రాసిన ఉత్తరం చేర్చండి. దేవుడు ప్రతి గుండెలోనూ స్వేచ్ఛాకాంక్షను నాటాడని అందులో సూటిగానే ఉంది.

ప్రకటనకు నాలుగు వాక్యాలు సరిపోతాయి. ‘సృష్టికర్త’ అన్న మాట కింద గీత గీయండి. జెఫర్సన్ చిత్తుప్రతిలో బానిసల వ్యాపారాన్ని నిందించిన పేరాను కాంగ్రెస్ (అమెరికా వలసల ప్రతినిధుల సభ) తీసేసిందని, అక్కడ బ్రిటన్ రాజుని ఎత్తిపొడవడానికి ‘క్రైస్తవ’ అన్న మాటను పెద్దక్షరాల్లో రాశాడని చెప్పండి. జెఫర్సన్‌కే బానిసలుండేవారన్నది మరవకండి.

ఆన్సర్‌ని 1630తో మొదలుపెట్టకండి, సూవల్ నెత్తురుతో మొదలుపెట్టండి. కొటేషన్ ఏదీ రెండు లైన్లు దాటకూడదు.