గచ్చు మీద గీత పడకుండా బీరువా జరపడం ఎలా?

తిరుపతి, చిత్తూరు ఇళ్లలో బరువైన సామాను కదిలించే పని ఎక్కువగా సంక్రాంతి ముందు సున్నాలు వేయించేటప్పుడు పడుతుంది. లేదంటే బీరువా నైరుతి మూలలో ఉండాలని వాస్తు చూసినవాళ్లు చెప్పినప్పుడు. ఇల్లు మారితే మోసేవాళ్లను పిలుస్తాం. ఒక గదిలోంచి పక్క గదికే కదా అనుకున్నప్పుడు మాత్రం ఇంట్లోవాళ్లే తలా ఒక చెయ్యి వేసి తోసేస్తారు. గచ్చు దెబ్బతినేది ఎక్కువగా అలాంటప్పుడే.

గచ్చు పాడవడానికి అసలు కారణం బరువు కాదు. ఆ బరువు ఎంత చోట పడుతోంది, కాలి కింద ఏం నలుగుతోంది అన్నవే కారణాలు. బట్టలతో నిండిన బీరువా 120 కిలోలు ఉందనుకుందాం. నాలుగు కాళ్లూ ఒక్కోటి 5 సెంటీమీటర్ల చదరం ఉండి, గచ్చుకు పూర్తిగా ఆనితే చదరపు సెంటీమీటరుకు పడేది 1.2 కిలోలే. ఏ టైలైనా దాన్ని సునాయాసంగా మోస్తుంది. అదే బీరువాను వంచి, ఒక మూల మీద నిలిపి అటూ ఇటూ ‘నడిపిస్తే’ 100 కిలోల దాకా బరువు ఒక్క కాలి అంచు మీదకు వస్తుంది. ఆ అంచు ఆనేది అర చదరపు సెంటీమీటరు మేర అయితే ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 200 కిలోలు. టైలు మూల ఎగిరిపోయేది ఇక్కడే. నడిపించే పద్ధతి అందరికీ అలవాటే, కానీ గచ్చుకు అంతకంటే చెడ్డది ఇంకొకటి లేదు.

రెండోది ఇసుక. చెప్పులతో, గాలితో ఇంట్లోకి వచ్చే ఇసుకలో ఎక్కువ భాగం క్వార్ట్జ్. గట్టిదనాన్ని కొలిచే మోహ్స్ స్కేలులో అది 7. కడప బండ సున్నపురాయి, దాదాపు 3. మార్బుల్ కూడా అంతే. మామూలు ఇనుము 4, 5 మధ్య. అంటే బీరువా ఇనప కాలు తనకంటే గట్టిదైన గ్రానైటును కోయలేదు, తన లోహాన్నే నల్లటి గీతగా రాసి వెళ్తుంది. ఆ మరకను తుడవవచ్చు. కాలి కింద చిక్కిన ఇసుక రేణువు గీసిన గీత మాత్రం తుడిస్తే పోదు. అందుకే మొదటి పనిముట్టు చీపురు. దారి అంతా ఊడ్చి, తడిగుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. బీరువా వెనకా కిందా ఏళ్లుగా పేరుకున్న దుమ్మును మరవకండి. అది ఎటూ మీరు లాగే దారిలోకే వస్తుంది.

ముందు గచ్చు ఏదో చూడండి

ఇప్పటి అపార్ట్‌మెంట్లలో ఎక్కువగా రెండడుగుల విట్రిఫైడ్ టైల్స్ ఉంటాయి. వీటితో వచ్చే చిక్కు డొల్ల. టైలు కింద సిమెంటు పూర్తిగా పట్టని చోట ఖాళీ మిగిలిపోతుంది. పది రూపాయల బిళ్లతో టైలు మధ్యలో, నాలుగు మూలల్లో కొట్టి వినండి. గట్టిగా పట్టినచోట టక్కుమంటుంది, ఖాళీ ఉన్నచోట బోలుగా మోగుతుంది. బోలుగా మోగిన టైలు మీద సుద్దముక్కతో గుర్తు పెట్టి దారి మార్చండి. తప్పదంటే 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పరిచి దాని మీదుగా పోనివ్వండి. ప్లైవుడ్డు కింద కూడా దుప్పటి ఉండాలి. పైన డిజైన్ ముద్రించిన గ్లేజ్డ్ టైల్సుకు ఇంకా జాగ్రత్త కావాలి. వాటి అందమంతా పైనున్న పలుచని పూతలోనే ఉంది. అది గీసుకుపోతే పాలిష్ పట్టడానికి వీలుండదు.

పాత ఇళ్లలో కడప బండలు, మొజాయిక్, రెడాక్సైడ్ కలిపి నున్నగా తీసిన ఎర్ర గచ్చు కనిపిస్తాయి. ఎర్ర గచ్చులో రంగు పొర మందం కొద్ది మిల్లీమీటర్లే. పెచ్చు లేస్తే అతుకు వేయవచ్చు గానీ పాత రంగుతో కలవదు. ఆ గచ్చు మీద దేన్నీ లాగకుండా ఎత్తి పెట్టడమే సరైన పద్ధతి. కడప బండల్లో బండకూ బండకూ మధ్య ఎత్తుపల్లాలు ఉంటాయి. కాలు ఆ అంచుకు తట్టుకుంటే బండ అంచు రాలుతుంది, లేదా పైన ఊపు మీదున్న బీరువా ముందుకు ఒరుగుతుంది. గ్రానైటు వీటన్నిటికంటే గట్టిది. దానికి దెబ్బ తగిలేది మెట్ల అంచుల్లో, గుండ్రంగా మౌల్డింగ్ చేసినచోట. మెట్ల మీదుగా సామాను దించేటప్పుడు అక్కడ మడతపెట్టిన గోనె సంచి కట్టండి.

కింద ఏం వేయాలి

నున్నటి గచ్చు మీద పాత ఉన్ని కంబళిని మించింది లేదు. అది లేకపోతే మందపాటి జంపఖానా, లేదా నాలుగు మడతలు వేసిన టవల్. వేసే ముందు బయటకు తీసుకెళ్లి బాగా దులపాలి. చాలామంది గోనె సంచి వాడతారు. నున్నటి టైల్స్ మీద అది మంచిది కాదు. నేతలోని సందుల్లో ఇసుక నిలుస్తుంది, పైగా పీచు గచ్చును పట్టుకుంటుంది. వరండాలోని గరుకు బండల మీద మాత్రం సంచే నయం, అక్కడ కంబళి చిరిగిపోతుంది. ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె విప్పి పరిస్తే బాగా జారుతుంది, కానీ తడి తగిలితే ముద్దయిపోతుంది. అక్టోబరు, నవంబరు వానల్లో గచ్చు చెమ్మగా ఉన్నప్పుడు అట్ట వద్దు.

సబ్బునీళ్లు పోసి తోయమని కొందరు చెబుతారు. దయచేసి ఆ పని చేయకండి. సామానుతో పాటు తోసేవాళ్ల కాళ్లూ జారతాయి. కొబ్బరినూనె ఇంకా చేటు, కడప బండ, మార్బుల్ దాన్ని పీల్చుకుని నల్లబడతాయి.

మీట, చక్రాల బిళ్లలు కలిపి అమ్మే ఫర్నిచర్ లిఫ్టర్ సెట్లు సోఫాకు, టీవీ స్టాండుకు పనికొస్తాయి. నిండు బీరువాకు వాటిని నమ్ముకోకండి. చక్రాలు చిన్నవి కాబట్టి బరువంతా సన్నని గీత మీద పడుతుంది. టైల్స్ మధ్య సందులో చక్రం చిక్కుకుంటే కాలు బిళ్ల మీద నుంచి జారి టైలు మీద పడుతుంది.

బీరువా

ఇంట్లో వాడే ఇనప బీరువా సాధారణంగా ఆరున్నర అడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు, 19 అంగుళాల లోతు ఉంటుంది. పొడుగు ఎక్కువ, లోతు తక్కువ. పని అంతా ఈ కొలతల మీదే ఆధారపడి ఉంటుంది.

ముందు ఖాళీ చేయండి. పై అరలే కాదు, మొత్తం. లాకరులోని నగలు, కాగితాలు ఇంటివాళ్లే తీసి పెట్టుకోవాలి. విడిగా వచ్చే అరలుంటే తీసేయండి. తలుపు తాళం వేసి, తాళంచెవిని తీసి జేబులో పెట్టుకోవాలి. తాళంలోనే వదిలేస్తే ద్వారబంధానికి తగిలి లోపలే విరుగుతుంది. తర్వాత మంచానికి అల్లే నవారును బీరువా చుట్టూ రెండుచోట్ల బిగించి కట్టండి. అద్దం తలుపైతే దుప్పటి చుట్టి, దాని మీద ఎవరూ చెయ్యి ఆనించకుండా చూడండి.

కాళ్ల కింద చూడండి. బీరువా ఊగకుండా ఎప్పుడో దూర్చిన టైలు ముక్క, మడిచిన అట్ట, నాణెం ఏదో ఒకటి ఉంటుంది. కనపడక దాంతోనే లాగేస్తే గచ్చు మీద గీత తప్పదు. కాళ్లకున్న ప్లాస్టిక్ బుష్‌లు అరిగి ఇనుము బయటికొచ్చిందేమో కూడా చూసి, అరిగినవి ఉంటే కొత్తవి తెచ్చి పెట్టుకోండి. హార్డ్‌వేర్ షాపులో తక్కువకే దొరుకుతాయి. కాలి కొలత తీసుకుని వెళ్లాలి.

ఇప్పుడు ఎత్తడం. పైభాగాన్ని పట్టుకుని వంచే బదులు మీట వాడండి. నాలుగడుగుల గట్టి చెక్క, ఒక ఇటుక చాలు. ఇటుక కింద మడతపెట్టిన గుడ్డ వేయాలి. ఇటుకను మీట కొస నుంచి ఆరు అంగుళాల దగ్గర పెడితే ఏడింతల బలం వస్తుంది. 80 కిలోల ఖాళీ బీరువాలో ఒక పక్క 40 కిలోలు లేవడానికి ఆరు కిలోల ఒత్తిడి సరిపోతుంది. చెక్క కొసను కాలి పక్కన అడుగు ఫ్రేముకు ఆనించాలి, మధ్యలోని రేకుకు ఆనిస్తే రేకు సొట్టపోతుంది. గడ్డపార వాడేవాళ్లు దాని మొన కింద ప్లైవుడ్ ముక్క పెట్టకపోతే గచ్చుకు గుంట పడుతుంది.

అంగుళం లేస్తే చాలు. అంతకంటే లేపితే అవతలి కాళ్లు అంచు మీద నిలబడతాయి, అప్పుడు లెక్క మళ్లీ మొదటికొస్తుంది. ఒకరు మీట నొక్కి పట్టుకుంటే ఇంకొకరు కంబళి మడతను కర్రతో కాళ్ల కిందికి తోయాలి. చేతివేళ్లు ఎట్టి పరిస్థితిలోనూ కిందికి పోకూడదు. ఒక పక్క అయ్యాక రెండో పక్క. నాలుగు కాళ్లకూ కలిపి ఒకే కంబళి అయితే మేలు, కొస ఒక అడుగు ముందుకు మిగలాలి.

లాగేటప్పుడు బీరువాను పక్కవాటుగా, అంటే మూడడుగుల వెడల్పు ఉన్న దిక్కుగా కదిలించండి. లోతు దిక్కుగా తోస్తే 19 అంగుళాల ఆధారం మీద ఆరున్నర అడుగుల ఎత్తు ఊగుతుంది. ఆ దిక్కుగా తప్పనిసరైతే చేతులు రెండడుగుల ఎత్తుకు మించి పైకి పోకూడదు. పక్కవాటుగా తోసినా నడుము ఎత్తు దాటవద్దు. ఒకరు ముందు కూర్చుని కంబళి కొస పట్టి నేలబారుగా లాగాలి, ఒకరు వెనక కింద నుంచి తోయాలి, మూడోవాళ్లు తలుపు వైపు నిలబడి ఒరగకుండా కాపు కాయాలి. ఇద్దరే ఉంటే ఆ పని ఆ రోజుకు వాయిదా వేయండి. రెండడుగులకోసారి ఆగి కాళ్లు కంబళి మీదే ఉన్నాయో లేదో చూసుకోవాలి. తిప్పాల్సి వస్తే ఒక మూల మీద కాకుండా కంబళితో పాటు మొత్తాన్ని తిప్పండి.

లోపలి గదుల మధ్య అర అంగుళం, అంగుళం ఎత్తు గ్రానైటు పట్టీ ఉంటే రెండువైపులా మూడడుగుల పలక వాలుగా వేసి దాటించవచ్చు. పలక కొస కింద గుడ్డ పెట్టండి. వీధి గుమ్మం గడప అలా కాదు. రెండు మూడు అంగుళాల ఎత్తు, పైన పసుపు కుంకుమలు. గడప మీద బరువు మోపకూడదంటారు పెద్దలు. మోపితే చెక్క అంచు చీలుతుంది కూడా, ఏ విధంగా చూసినా ఆ మాట పాటించాల్సిందే. పదిహేను అడుగుల నవారు ముక్కలు రెండు బీరువా అడుగు నుంచి చుట్టి, నలుగురు భుజాలకు వేసుకుని ఎత్తి దాటించండి. దించేటప్పుడు ఒకరు గట్టిగా చెప్పాలి, నాలుగు కాళ్లూ ఒకేసారి ఆనాలి.

మిగతా సామాను

పెట్టె మంచాన్ని ఎప్పుడూ నిండుగా లాగకండి. పరుపు, పలకలు తీసి, తలవైపు చెక్కను పక్క చట్రాలకు పట్టి ఉంచిన బోల్టులు విప్పి ముక్కలుగా మార్చాలి. బోల్టులను అదే చట్రానికి టేపుతో అంటిస్తే పోవు. పార్టికల్ బోర్డు అల్మరాలను లాగితే అడుగు చెక్కలోని స్క్రూలు ఊడిపోతాయి, మళ్లీ బిగించినా పట్టవు.

ఫ్రిజ్ వెనక చక్రాలు నేరుగా ముందుకూ వెనక్కే తిరుగుతాయి. పక్కకు ఈడిస్తే టైలు మీద గీత పడుతుంది. ముందు కాళ్లను స్క్రూలాగా తిప్పి పైకి ఎక్కించి, హార్డ్‌బోర్డు పరిచి నేరుగా బయటకు లాగాలి. వెనకున్న నీళ్ల ట్రే ముందే వంపేయండి. ఎక్కువ వంచాల్సి వస్తే, పెట్టాక కొన్ని గంటలు ఆగి స్విచ్ వేయాలి. గ్రైండరులో రాళ్లు విడిగా తీసి మోయాలి. రుబ్బురోలును దించేచోట పాత స్కూటర్ టైరు పడుకోబెట్టి దాని మీదకు దించితే గచ్చుకు దెబ్బ తగలదు.

పెట్టాక, మరక పడితే

కొత్తచోట ఇనప కాలు నేరుగా గచ్చుకు ఆనకూడదు. రోజూ తడిగుడ్డ పెట్టే ఇంట్లో కాలి చుట్టూ తుప్పు పట్టి, కడప బండలోకి, మొజాయిక్‌లోకి గోధుమరంగు వలయంగా దిగుతుంది. బుష్ వేయండి, లేదా గ్రానైటు అమ్మేచోట నాలుగంగుళాల ముక్కలు తెచ్చి కింద ఫెల్ట్ అంటించి కాళ్ల కింద పెట్టండి. నల్ల రబ్బరు మార్బుల్ మీద మరక వదులుతుంది, అక్కడ వాడకండి.

టైలు మీద పడిన నల్లటి ఇనప గీతకు వంటసోడాలో కొంచెం నీళ్లు కలిపి ముద్ద చేసి మెత్తటి గుడ్డతో రుద్దండి, చాలావరకు పోతుంది. బాత్రూమ్ యాసిడ్, నిమ్మరసం, వెనిగర్ మాత్రం కడప బండ, మార్బుల్, మొజాయిక్ దరిదాపులకు రానివ్వద్దు. ఇవన్నీ సున్నపు జాతివి, యాసిడ్ తగిలితే పొంగి మెరుపు పోయి తెల్లగా మచ్చ పడుతుంది. వాటి మీద పడిన లోతు గీతలకు మెషీన్ పాలిష్ పట్టిస్తే దాదాపు కనపడకుండా పోతాయి. గ్లేజ్డ్ టైలు పగిలినా గీసుకుపోయినా మార్చడమే దారి. అదే డిజైను తెచ్చినా వేరే బ్యాచ్ అయితే రంగు తేడా వస్తుంది. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన టైల్సులో నాలుగైదు పారేయకుండా అటక మీద నిలువుగా పెట్టి ఉంచండి.