జూదమే వృత్తిగా బతికి, మానేశాక ఏం చేయాలి

మానేయడం ఒక ఎత్తు, మానేశాక ఖాళీ సాయంత్రాలు గడపడం ఇంకో ఎత్తు. ముందు డబ్బు సంగతి చూడండి. కార్డులు, బ్యాంకు ఖాతా కొన్నాళ్లు ఇంట్లో నమ్మకమైన మనిషి చేతికివ్వండి, సిగ్గుగానే ఉంటుంది, అయినా ఇవ్వండి. యాప్ తీసేస్తే సరిపోదు, ఆ సంస్థనే అడిగి ఖాతా మూయించండి. మమ్మల్ని రానివ్వకండని రాసిస్తే చాలా కేసినోలు కూడా ఒప్పుకుంటాయి. అప్పులన్నీ కాగితం మీద పెట్టండి, ముఖ్యంగా ఇంట్లో దాచినవి.

అసలు తంటా బుర్రతోనే. వృత్తిగా ఆడినవాళ్లకి 'నాకు లెక్క తెలుసు' అనే పొగరుంటుంది, నాకూ ఉండేది. సరే, లెక్కే చూద్దాం: రూలెట్ అంటే తిరిగే చక్రంలో బంతి ఏ నంబరు గడిలో ఆగుతుందో పందెం కాసే ఆట, ఒకే సున్నా ఉన్న చక్రంలో 37 గళ్లు, నంబరు తగిలితే పెట్టింది తిరిగిచ్చి పైన ఇచ్చేది 35 రెట్లు, అంటే ఏ ఎత్తుగడ వేసినా పెట్టిన ప్రతి 100కి సగటున 2.70 పోతూనే ఉంటుంది. పేకలో నైపుణ్యం పనిచేస్తుంది, నిజమే, కానీ అక్కడ గెలిచింది ఇంకోచోట పోగొట్టుకోని వాళ్లని నేను చూడలేదు.

పోయింది రాబట్టాలనిపించినప్పుడు అరగంట ఆగి ఎవరికైనా ఫోన్ చేయండి, ఆ తహతహ అలలా వచ్చి తగ్గుతుంది. జూదం మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుగా నిలిచే గ్యాంబ్లర్స్ అనానిమస్ అనే బృందం 1957లో మొదలైంది, దాని సమావేశాలు ఇప్పుడు చాలా దేశాల్లో ఉన్నాయి, అక్కడ పూర్తి పేరు చెప్పక్కర్లేదు. డాక్టర్ దగ్గరికి వెళ్లడానికీ మొహమాటపడకండి. అన్నట్టు, మొదటి నెల జీతం చూసి నవ్వొస్తుంది, ఒకప్పుడు ఒక్క రాత్రిలో అంతకంటే ఎక్కువ పోగొట్టాం కదా.