మానసిక జబ్బుకు సదరం సర్టిఫికెట్: పాత చిట్టీలు పారేయకండి

నల్లగొండలో కానీ, మహబూబ్‌నగర్‌లో కానీ సదరం క్యాంపు రోజు ఆస్పత్రి దగ్గర కాసేపు నిలబడితే తెలుస్తుంది. వెనక్కి తిరిగిపోతున్న కుటుంబాల్లో చాలామందికి జబ్బు లేక కాదు, దాన్ని చూపించే కాగితం లేక.

2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో మానసిక అనారోగ్యం ఒకటి. ఈ వైకల్య సర్టిఫికెట్‌ను అందరూ ఇంకా సదరం అంటున్నా, తెలంగాణలో ఇప్పుడు దరఖాస్తు యూడీఐడీ (వికలాంగుల గుర్తింపు కార్డు) పోర్టల్‌లోనే. ఆధార్, ఫొటో, సంతకం లేదా వేలిముద్ర, ఫోన్ నంబర్ ఉంటే చాలు. సొంతంగా చేసుకుంటే ఖర్చు లేదు, మీసేవలో అయితే సర్వీస్ చార్జీ కట్టి రసీదు అడగండి. వైకల్యం రకం దగ్గర మాత్రం తొందరపడొద్దు. పుట్టుకతోనో చిన్నప్పటి నుంచో బుద్ధి ఎదగకపోతే అది మేధో వైకల్యం, దాని పరీక్ష వేరు. స్కిజోఫ్రీనియా, బైపోలార్ లాంటివి మానసిక అనారోగ్యం కిందకు వస్తాయి. ఇక్కడ తప్పు నొక్కితే మళ్లీ మొదటికొస్తుంది.

అసలు చిక్కంతా క్యాంపులోనే. వైకల్యం ఎంతుందో డాక్టర్ ‘ఐడియాస్’ (IDEAS) అనే స్కేలుతో లెక్కేస్తారు. స్నానం, తిండి, బట్టలు తనే చూసుకుంటున్నాడా, నలుగురితో ఎలా మసలుతున్నాడు, చెప్పింది అర్థం చేసుకుంటున్నాడా, పనికి పోగలుగుతున్నాడా. ఒక్కోదానికి 0 నుంచి 4 మార్కులు, ఇబ్బంది ఎక్కువైతే మార్కులూ ఎక్కువ. జబ్బు ఎన్నాళ్లుగా ఉందన్నదానికి ఇంకొన్ని. మొత్తం 7 వస్తే 40 శాతం కింద లెక్క. పింఛనుకు కావాల్సింది ఆ 40 శాతమే.

మరి ఎన్నాళ్లుగా ఉందో దేన్ని చూసి రాస్తారు? పాత ఓపీ చిట్టీలు, డిశ్చార్జి కాగితం, మందులు మార్చినప్పుడల్లా రాసిచ్చిన ప్రిస్క్రిప్షన్లు చూసి. మన దగ్గర ఇవే ఉండవు. సంబంధాలు చూసేటప్పుడు ఎవరి కంటా పడకూడదని పిల్ల చిట్టీలన్నీ పొయ్యిలో పెట్టేసిన తల్లులున్నారు. తప్పు పట్టలేం. ఊళ్లో ఆర్‌ఎంపీ రాసిన చీటీ ఇక్కడ అక్కరకు రాదు. పుణే, ముంబై పనికి పోయినచోట జబ్బు పడి అక్కడి ప్రభుత్వాస్పత్రిలో చూపించుకుంటే, ఆ కాగితాలు తప్పకుండా తెచ్చుకోండి. ఊరు వేరైనా అవి వైద్యం జరిగిందనడానికి రుజువే.

పోయిన కాగితాల కోసం వైద్యం చేసిన ఆస్పత్రికే, అది హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రి అయినా సరే, రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టండి. తన వైద్య రికార్డు అడిగే హక్కు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 25వ సెక్షన్ రోగికి ఇచ్చింది. ఓపీ నంబర్ గుర్తులేకపోతే చూపించుకున్న సంవత్సరం, నెల రాయండి. అసలు ఇప్పటిదాకా సైకియాట్రిస్టుకే చూపించకపోతే ముందు వైద్యం మొదలుపెట్టండి, సర్టిఫికెట్ సంగతి తర్వాత. ఎక్కడికి పోవాలో తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కు, 14416కు ఫోన్ చేయండి, డబ్బులు పడవు.

క్యాంపుకు రోజూ ఇంట్లో కనిపెట్టుకుని ఉండే మనిషే వెంట రావాలి. బస్సులో తోడొచ్చిన బావమరిదికి రాత్రిళ్లు ఏం జరుగుతుందో ఏం తెలుసు? "ఇప్పుడు బానే ఉన్నాడు సార్" అని పరువు కోసం అనేయకండి. మందులు వాడితేనే బాగుంటాడా, ఆపితే ఏమవుతుంది, ఉన్నది ఉన్నట్టు చెప్పండి. లేనిది కల్పించొద్దు.

గేటు దగ్గర "పర్సెంటేజీ నేను చూసుకుంటా" అనేవాడు తగులుతాడు. అతని చేతిలో ఏమీ ఉండదు. డాక్టర్ లెక్కలో ఎలాగూ రావాల్సిన శాతం వస్తే తన గొప్పే అంటాడు, రాకపోతే ఫోన్ ఎత్తడు.

సర్టిఫికెట్ వచ్చాక గడువు తేదీ చూడండి. మానసిక జబ్బుకు కొన్నేళ్లకే ఇవ్వడం మామూలే, మళ్లీ చూపించుకోవాలి. 4,016 రూపాయల పింఛను దానంతటదే రాదు, విడిగా పెట్టుకోవాలి. ఎప్పుడు మంజూరవుతుందో ఎవరూ హామీ ఇవ్వలేరు. శాతం తక్కువ వేశారనిపిస్తే అప్పీలు చేసుకునే వీలు చట్టంలోనే ఉంది. ఆ అర్జీ రాయడానికి జిల్లా కోర్టులోని న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా సాయం చేస్తుంది, నంబర్ 15100.