ఇంట్లోనే కాళ్లకు బలం: రెసిస్టెన్స్ బ్యాండ్లతో వ్యాయామం ఎలా చేయాలి?

విజయనగరం పక్కన నెల్లిమర్ల మండలంలో కొండవెలగాడ అనే ఊరు ఉంది. వెయిట్ లిఫ్టింగ్‌కు పేరుపడ్డ ఊరు. అక్కడి నుంచి వచ్చిన మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో పతకం గెలిచింది. అంతకుముందు 2000లో, ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. బార్ తల మీదికి వెళ్తుంది కాబట్టి చూసేవాళ్లకు అదంతా చేతుల బలమే అనిపిస్తుంది. ఆ బరువును నేల నుంచి లేపేది మాత్రం తొడలు, పిరుదులు.

మనల్ని నేల మీద కూర్చుని లేవనిచ్చేవి, బస్సు మెట్టు ఎక్కనిచ్చేవి, తడి గచ్చు మీద కాలు జారితే నిలదొక్కుకోనిచ్చేవి కూడా ఆ కండరాలే. వయసుతో పాటు కండ తగ్గుతుంది. అయితే ఏ వయసులో మొదలుపెట్టినా శ్రమ పెడితే మళ్లీ బలపడుతుంది. అందుకు జిమ్ అవసరం లేదు. కొన్ని వందల రూపాయల రబ్బరు బ్యాండ్లు, ఒక గట్టి కుర్చీ, గోడ పక్కన నాలుగడుగుల చోటు చాలు.

"రోజంతా పొలంలో వంగి నాట్లు వేస్తాం, మాకు వేరే వ్యాయామం ఎందుకు?" అని మా వైపు చాలామంది అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. నాట్లు వేయడం వల్ల ఓర్పు పెరుగుతుంది. నడుము మాత్రం గంటల తరబడి ఒకే వంపులో ఉండిపోతుంది, తొడలకు పడే భారం ఏళ్లు గడిచినా అంతే ఉంటుంది. భారం కొద్దికొద్దిగా పెరిగితేనే కండరం బలపడుతుంది. బ్యాండు చేసి పెట్టేది ఆ పెంపునే.

బ్యాండు ఎంచుకోవడం

దుకాణాల్లో ప్రధానంగా మూడు రకాలు దొరుకుతాయి. మోకాళ్ల పైన వేసుకునే చిన్న వలయం ఒకటి, మడత పెడితే మీటరు పొడవు వచ్చే పెద్ద వలయం ఒకటి, రెండు కొసలూ విడిగా ఉండే చదునైన పట్టీ ఒకటి. కొత్తవాళ్లు చిన్న వలయం ఒకటి, పట్టీ గానీ పెద్ద వలయం గానీ ఒకటి తీసుకుంటే సరిపోతుంది. చిన్న వలయం బట్టతో అల్లినదైతే మంచిది. పలుచని రబ్బరుది చీర మీదా ప్యాంటు మీదా తాడులా చుట్టుకుపోయి తొడను కోస్తుంది. రబ్బరు తగిలితే దద్దుర్లు వచ్చేవారు లేటెక్స్ లేనిది అడిగి తీసుకోవాలి.

రంగును నమ్మి కొనకండి. ఒక కంపెనీ ఎరుపు, ఇంకో కంపెనీ ఎరుపు ఒకే గట్టిదనంతో ఉండవు. మీకు సరిపోయే బ్యాండు ఏదో మీ శరీరమే చెబుతుంది. పద్ధతి చెడకుండా పన్నెండు సార్లు చేయగలిగి, ఆగినప్పుడు "ఇంకో రెండు చేయగలను, అంతకు మించి కష్టం" అనిపిస్తే అది మీ బ్యాండు. ఇరవై సార్లు చేసినా ఏమీ అనిపించకపోతే అది తేలికైనది.

బ్యాండుకు, ఇనుప బరువుకు పెద్ద తేడా ఒకటుంది. ఐదు కిలోల డంబెల్ కిందా పైనా ఐదు కిలోలే. బ్యాండు సాగే కొద్దీ బిగుస్తుంది. అంటే గుంజీలో కింద, మోకాలు బాగా ముడిచి మనం బలహీనంగా ఉండే చోట భారం తక్కువ, లేచి నిలబడుతూ బలం వచ్చే చోట ఎక్కువ. మోకాళ్లు అరిగినవారికి ఇది నిజంగా మేలైన గుణం. పట్టీని రెండు మడతలు వేస్తే మాత్రం భారం రెట్టింపుతో ఆగదు. పొడవు సగమై, పోగులు రెండవుతాయి కనుక అంతే దూరం లాగడానికి దాదాపు నాలుగు రెట్ల బలం కావాలి. మడతతో తొందరపడకండి.

చోటు, కట్టు

బ్యాండు తెగితే కొరడాలా ముఖం మీదికి వస్తుంది. అందుకే మొదలుపెట్టే ముందు ప్రతిసారీ దాన్ని వెలుతురుకు ఎదురుగా కొద్దిగా సాగదీసి, గాట్లు, సన్నని పగుళ్లు ఉన్నాయేమో చూడాలి. కిటికీ ఊచలకు కట్టకండి, తుప్పు పట్టిన అంచు రబ్బరును కోసేస్తుంది. బరువైన చెక్క మంచం కోడు మంచిది. తలుపు సందులో బిగించేదైతే, మీరు లాగినప్పుడు తలుపు మూసుకునే వైపే ఉండాలి, తెరుచుకునే వైపు కాదు. గడియ పెట్టి, ఇంట్లోవాళ్లకు చెప్పి మొదలుపెట్టండి.

నున్నటి టైల్స్ మీద సాక్సులతో చేయకూడదు. ఒట్టి కాళ్లతో, లేదా జారని చెప్పులతో చేయండి. ఏప్రిల్, మే నెలల్లో ఉక్క మొదలుకాక ముందే, తెల్లవారుజామున ముగించుకోవడం మేలు.

ఒళ్లు వేడెక్కడం

ఐదు నిమిషాలు చాలు. ఉన్నచోటే నడక, మోకాలు ఛాతీ వైపు ఎత్తడం, గోడ పట్టుకుని కాలును ముందుకూ వెనక్కూ ఊపడం. తర్వాత బ్యాండు లేకుండా కుర్చీలో కూర్చుని లేవడం ఎనిమిది సార్లు.

మొదటిది: కుర్చీ గుంజీ

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ దీని మీద పెట్టండి. చిన్న వలయాన్ని మోకాళ్లకు కొంచెం పైన వేసుకోండి. కుర్చీ వెనుక భాగం గోడకు ఆనించి ఉండాలి. దాని ముందు భుజాలంత ఎడంతో నిలబడి, కాలివేళ్లు కాస్త బయటికి తిప్పండి. పిరుదులు వెనక్కి పంపుతూ మూడు లెక్కించేంత నెమ్మదిగా దిగాలి. కుర్చీకి ఆనీ ఆనకముందే, మడమలు నేలకు నొక్కి, ఊపిరి వదులుతూ లేవాలి. బీపీ ఉన్నవారు ఊపిరి బిగబట్టడం అస్సలు పనికిరాదు.

విజయనగరంలో మా పిన్నికి ఇది నేర్పేటప్పుడు ఒక విషయం కళ్లకు కట్టింది. దిగేటప్పుడు బాగానే దిగేది. లేచే క్షణంలో రెండు మోకాళ్లూ ఒకదాని వైపు ఒకటి వాలిపోయేవి, కుడి మోకాలు ఇంకాస్త ఎక్కువగా. అరికాలి లోపలి అంచు నేలకు అతుక్కుని, బయటి అంచు లేచేది. "పిన్నీ, బ్యాండును రెండు మోకాళ్లతో బయటికి తోస్తూ లే" అన్నాను. తోసింది. మోకాలిచిప్ప రెండో వేలికి సూటిగా వచ్చి నిలిచింది. "ఇప్పుడు బరువంతా పిర్రల్లో తెలుస్తోంది రా" అంది. చిన్న వలయం వేసుకునేది ఇందుకే. అది మోకాళ్లను ఎప్పుడూ లోపలికే లాగుతుంటుంది, దాన్ని ఎదిరించడానికి తుంటి పక్క కండరాలు మేల్కొంటాయి.

ఇది తేలికైపోతే పెద్ద వలయాన్ని పాదాల కింద తొక్కి, రెండో కొసను భుజాల ముందు పట్టుకుని చేయండి. కుర్చీ నుంచి లేవడమే కష్టమైతే, సీటు మీద మడతపెట్టిన దుప్పటి వేసి ఎత్తు పెంచుకుని మొదలుపెట్టండి.

రెండోది: నడుము నిటారుగా ఉంచి వంగడం

నడుము నొప్పి ఉన్న ఇళ్లలో అందరూ నేర్చుకోవలసింది ఇదే అని నా గట్టి అభిప్రాయం. బిందె ఎత్తినా, బియ్యం బస్తా జరిపినా పనికొచ్చే కదలిక. పట్టీ మధ్యభాగాన్ని రెండు పాదాల కిందా తొక్కి, కొసలు రెండు చేతులకూ చుట్టుకోండి. మోకాళ్లు కొంచెం సడలించండి. రెండు చేతుల్లోనూ సామాను ఉన్నప్పుడు పిరుదులతో తలుపు నెట్టినట్టు, తుంటిని వెనక్కి పంపండి. ఒళ్లు దానంతట అదే ముందుకు వంగుతుంది. తొడ వెనుక లాగినట్టు అనిపించగానే ఆగి, పిరుదులు బిగిస్తూ నిటారుగా రండి.

వీపు గుండ్రంగా వంగిందో లేదో మనకు తెలియదు. అందుకు ముందు రెండు మూడు రోజులు బ్యాండు లేకుండా ఒక కర్రతో సాధన చేయండి. కర్రను వెన్ను వెంబడి నిలువుగా పట్టుకుంటే అది తల వెనుక, భుజాల మధ్య, పిరుదుల మధ్య ఎముక దగ్గర, మూడు చోట్ల తగలాలి. వంగేటప్పుడు ఏ ఒక్క చోట కర్ర వదిలినా అక్కడే ఆగండి. ప్రస్తుతానికి మీ హద్దు అదే.

మూడోది: వంతెన

చాప మీద వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, చిన్న వలయం మోకాళ్ల పైన ఉంచండి. మడమలు నొక్కుతూ తుంటిని పైకెత్తండి. భుజం, తుంటి, మోకాలు ఒకే గీతలోకి వచ్చాక రెండు లెక్కించి నెమ్మదిగా దించండి. తొడ వెనుక కండ పట్టేస్తే మడమలను పిరుదుల దగ్గరికి జరపండి. నడుములో తెలుస్తుంటే మరీ ఎత్తుకు లేపుతున్నారని అర్థం.

నాలుగోది: పక్క నడక

అదే వలయంతో, మోకాళ్లు కొద్దిగా వంచి కుడి పక్కకు పది అడుగులు, ఎడమ పక్కకు పది అడుగులు. వెనుక కాలును ఈడ్చకుండా ఎత్తి వేయాలి, రెండు కాళ్ల మధ్య బ్యాండు ఎప్పుడూ వదులు కాకూడదు. వలయాన్ని చీలమండల దగ్గరికి దించితే కష్టం బాగా పెరుగుతుంది.

మిగిలినవి

గుంజీ చేయలేనివారు కుర్చీలో కూర్చుని, కుర్చీ కాలికీ తమ చీలమండకూ బ్యాండు చుట్టి, మోకాలు నిటారుగా చాపి నెమ్మదిగా దించవచ్చు. తొడ వెనుక కండకు, బ్యాండును మంచం కోడుకు కింద కట్టి, ఎదురుగా కూర్చుని మడమను కుర్చీ కిందికి లాగాలి. పిక్కలకు బ్యాండు అక్కర్లేదు. గోడ పట్టుకుని, మెట్టు అంచు మీద మునివేళ్లపై లేస్తే చాలు.

ఎన్నిసార్లు, ఎన్నాళ్లు

వారానికి కనీసం రెండు రోజులు కండరాల వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు చెబుతున్నాయి. రోజు విడిచి రోజు, వారానికి మూడు రోజులైతే ఇంకా బాగు. మొదటి రెండు వారాలు ఒక్కో వ్యాయామం పది సార్లు చొప్పున రెండు విడతలు, మధ్యలో ఒకటిన్నర నిమిషం విశ్రాంతి. తర్వాత మూడు విడతలు. మూడు విడతల్లోనూ పదిహేను సార్లు సులువుగా వస్తుంటే గట్టి బ్యాండుకు మారి, మళ్లీ ఎనిమిది, పది దగ్గర మొదలుపెట్టండి.

చాలామంది బ్యాండును కష్టపడి లాగి, ఒక్కసారిగా వదిలేస్తారు. సగం ఫలితం అక్కడే పోతుంది. తిరిగి వచ్చేటప్పుడు బ్యాండు మిమ్మల్ని లాక్కుపోకూడదు, మూడు లెక్కించేంత సేపు మీరే దాన్ని ఆపుతూ రావాలి. ఎక్కువసార్లు చేయడం కంటే ఇది నాకు ముఖ్యం.

బలం పెరిగిందో లేదో తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. చేతులు ఛాతీ మీద కట్టుకుని, చేతులు లేని కుర్చీ నుంచి 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టాలి. పెద్దవారైతే పక్కన ఒకరు ఉండాలి. అమెరికాలో వైద్యులు వాడే కొలత ప్రకారం 60 నుంచి 64 ఏళ్ల మగవారు 14 కంటే తక్కువ, ఆడవారు 12 కంటే తక్కువ చేస్తే కాళ్ల బలం సగటు కంటే తక్కువని లెక్క. నెలకోసారి అదే కుర్చీలో చూసుకుని గోడ క్యాలెండర్ మీద రాసుకోండి.

నొప్పి, మాత్రలు, తిండి

మొదటి వారం తొడలు, పిరుదులు రెండు మూడు రోజులు సలపడం మామూలే. మోకాలి లోపల పొడిచినట్టు నొప్పి, వాపు, కాలిలోకి తిమ్మిరి మాత్రం మామూలు కాదు, ఆపి వైద్యుణ్ని కలవాలి. గుండె జబ్బు, ఈమధ్య శస్త్రచికిత్స, గర్భం ఉన్నవారు ముందే అడిగి మొదలుపెట్టాలి.

శ్రీకాకుళం జిల్లా వారికి, ముఖ్యంగా కవిటి, సోంపేట, కంచిలి, పలాస, వజ్రపుకొత్తూరు వైపు వారికి ఒక మాట చెప్పక తప్పదు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను కుదిపేసిందో అందరికీ తెలుసు. ఒళ్లు నొప్పులని మందుల షాపులో డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి మాత్రలు కొనుక్కుని మింగడం కిడ్నీలకు హాని. నొప్పి తగ్గేదాకా ఒక రోజు ఆగండి, తేలిక బ్యాండుకు దిగండి, మాత్ర జోలికి పోకండి.

కండ పెరగడానికి మాంసకృత్తులు కావాలి. చోడి (రాగి) అంబలి ఒంటికి మంచిదే గానీ అదొక్కటే చాలదు. ఉలవల్లో 100 గ్రాములకు సుమారు 22 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి, ఒక గుడ్డులో 6 గ్రాములు. పప్పు, చేప, పెరుగు రోజూ ఏదో ఒక పూట ఉండేలా చూసుకోండి. రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే కొలత) ఎక్కువగా ఉన్నవారికి ఈ సలహా వర్తించదు. వాళ్లు మాంసకృత్తులు ఎంత తినాలో వైద్యుడే చెప్పాలి, ప్రోటీన్ పొడులు సొంతంగా మొదలుపెట్టకూడదు.

బ్యాండును కాపాడుకోవడం

ఎండ, చెమట, నూనె రబ్బరుకు శత్రువులు. ఒంటికి నూనె రాసుకుని బ్యాండు పట్టుకోకండి. పని అయ్యాక తడిగుడ్డతో తుడిచి, నీడలో ఆరబెట్టి, కొంచెం టాల్కం పౌడరు చల్లి గుడ్డ సంచిలో పెట్టండి. దండెం మీద ఎండలో ఆరేస్తే ఒక్క వేసవిలోనే పెళుసెక్కుతుంది. పగుళ్లు కనిపించిన చోట ముడి వేసి వాడాలని చూడకండి, తర్వాత తెగేది ఆ ముడి దగ్గరే. దాన్ని తీసేసి కొత్తది కొనండి.