పాత రికార్డుల్లోని గిటార్ టోన్ మన యాంప్‌లో తెప్పించడం ఎలా?

ఎలక్ట్రిక్ గిటార్ కొన్న కొత్తలో చాలామంది చేసే మొదటి పని డిస్టార్షన్ పెడల్ (గిటార్ శబ్దాన్ని గరగరలాడించే, కాలితో నొక్కే పెట్టె) కొనడం. నేనూ అదే చేశాను. గెయిన్ (ఎంత గరగరలాడాలో చెప్పే నాబ్) చివరిదాకా తిప్పి, మిడ్ (మధ్య స్థాయి ఫ్రీక్వెన్సీలు) సున్నాకి తెచ్చి, బేస్ పెంచి వాయిస్తే గది దద్దరిల్లేది. అదే సెట్టింగ్‌తో రిహార్సల్‌కి వెళ్లాను. డ్రమ్స్, బేస్ గిటార్ మొదలవగానే నా గిటార్ మాయం! వాల్యూమ్ ఎంత పెంచినా బురబుర తప్ప స్వరం వినపడలేదు. మిగతా వాయిద్యాల మధ్య గిటార్ వినపడేది మిడ్ ఫ్రీక్వెన్సీల వల్లే. నేను సరిగ్గా వాటినే కోసి పారేశాను.

అప్పటినుంచి నా వరుస మారింది. ముందు గిటార్, తర్వాత యాంప్ (శబ్దాన్ని పెంచే యాంప్లిఫయర్), ఆఖర్న పెడల్స్.

1. పెడల్స్ అన్నీ తీసి పక్కన పెట్టండి

గిటార్‌ని నేరుగా యాంప్‌కి కలపండి. బేస్, మిడ్, ట్రెబుల్ మూడూ 12 గంటల దగ్గర (నాబ్ గీత నేరుగా పైకి) పెట్టండి. గిటార్ వాల్యూమ్ 10లో ఉంచి, యాంప్ గెయిన్‌ని సున్నా నుంచి కొద్దికొద్దిగా పెంచుతూ వాయించండి. ఒకచోట మెత్తగా మీటితే తేటగా, గట్టిగా మీటితే కాస్త గరగరలాడుతూ పలుకుతుంది. అక్కడ ఆగండి. ఇప్పుడు గిటార్ మీదున్న వాల్యూమ్ నాబ్‌ని 6కి తగ్గిస్తే గరగర పోయి క్లీన్ టోన్ వస్తుంది. మళ్లీ 10కి తెస్తే గరగర తిరిగొస్తుంది. పెడల్ ఖర్చు లేకుండానే మీ చేతికి రెండు టోన్‌లు వచ్చాయి. పాతకాలం వాళ్లు సగం పని ఈ నాబ్‌తోనే కానిచ్చేవారు.

పికప్ (తీగల కదలికని సిగ్నల్‌గా మార్చే భాగం) సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. 1954లో వచ్చిన ఫెండర్ స్ట్రాటోకాస్టర్ లాంటి గిటార్లలో ఉండే సింగిల్ కాయిల్ పికప్ ఖంగున పలుకుతుంది, వెనకాల సన్నటి హమ్ కూడా ఉంటుంది. ఆ హమ్‌ని పోగొట్టడానికి గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ రెండు కాయిల్స్ కలిపి హంబకర్ తయారుచేశాడు. 1957 నుంచి లెస్ పాల్ గిటార్లలో అదే. శబ్దం బొద్దుగా ఉంటుంది. స్ట్రాట్‌తో లెస్ పాల్ టోన్ అచ్చంగా రాదు. నెక్ పికప్ (గిటార్ మెడకి దగ్గరగా ఉన్నది) పెట్టి టోన్ నాబ్‌ని 4కి తగ్గిస్తే దగ్గరికి వస్తుంది, అంతే.

2. ఏ యాంప్ టోన్ కావాలో తేల్చుకోండి

క్లాసిక్ అనిపించుకున్న టోన్‌లు చాలావరకు మూడు కుటుంబాల యాంప్‌లవి. మీది డిజిటల్ మోడలింగ్ యాంప్ అయినా అందులో ఉండేవి ఎక్కువగా వీటి నకళ్లే.

ఫెండర్: 1963 నాటి ట్విన్ రివర్బ్ దీనికి మంచి ఉదాహరణ. వాల్యూమ్ పెంచినా చాలాసేపు క్లీన్‌గానే ఉంటుంది, మిడ్ సహజంగానే తక్కువ. కంట్రీ, ఫంక్, సర్ఫ్ సంగీతాలకి ఇదే. ట్రెబుల్ 6, మిడ్ 5, బేస్ 4, రివర్బ్ (గది మార్మోగినట్టు చేసేది) 3తో మొదలుపెట్టండి.

వాక్స్ ఏసీ30: 60లలో ఇంగ్లండ్ బ్యాండ్‌ల యాంప్. ట్రెబుల్‌లో గంటలు మోగినట్టుంటుంది. దీని కట్ నాబ్ మాత్రం తికమక పెడుతుంది. పెంచినకొద్దీ ట్రెబుల్ తగ్గుతుంది.

మార్షల్: దీని కథ నాకు భలే ఇష్టం. లండన్‌లో డ్రమ్స్ అమ్ముకునే జిమ్ మార్షల్ దుకాణంలో 1962లో ఫెండర్ బాస్‌మన్ అనే యాంప్ సర్క్యూట్‌ని ముందు పెట్టుకుని, అక్కడ దొరికే విడిభాగాలతో యాంప్ చేశారు. దాదాపు నకలే, కానీ పలుకు వేరే. 1966లో గిటారిస్ట్ ఎరిక్ క్లాప్టన్ జాన్ మేయాల్ బ్యాండ్‌తో రికార్డింగ్‌కి వెళ్లి లెస్ పాల్‌ని మార్షల్ కాంబోకి (స్పీకర్ కూడా అదే పెట్టెలో ఉన్న యాంప్) తగిలించి, స్టేజి మీద వాయించినంత వాల్యూమ్‌తో వాయించాడు. బ్రిటిష్ బ్లూస్ రాక్ టోన్‌కి అదే కొలమానం అయింది. మిడ్ 7, ట్రెబుల్ 6, బేస్ 4 పెట్టి చూడండి. గెయిన్ మీరు అనుకున్నదానికంటే తక్కువే పెట్టండి. పాత రాక్ రికార్డులు శ్రద్ధగా వింటే గెయిన్ అంతగా ఉండదు, చెయ్యి బలంగా పడుతుంది.

3. ఫ్లాట్‌లో ఉంటే ఓవర్‌డ్రైవ్ పెడల్

క్లాప్టన్‌లా వాల్యూమ్ పెంచితే పక్కింటివాళ్లు తలుపు కొడతారు. ఇక్కడ పెడల్ పనికొస్తుంది. ఐబానెజ్ ట్యూబ్ స్క్రీమర్, 70ల చివర్లో వచ్చిన ఆకుపచ్చ పెట్టె, కింద బేస్ కొంచెం కోసి మిడ్ పెంచుతుంది. దీన్ని డిస్టార్షన్ పెడల్‌లా వాడకండి. డ్రైవ్ దాదాపు సున్నా, టోన్ 12 గంటల దగ్గర, లెవెల్ బాగా ఎక్కువ. మొదటి దశలో మనం ఆపిన ఆ కాస్త గరగరలాడే యాంప్‌కి దీన్ని కలిపితే, పెడల్ ముందునుంచి తోస్తుంది, అసలు గరగర యాంప్‌లోంచే వస్తుంది. బ్లూస్ గిటారిస్ట్ స్టీవీ రే వాన్ ఫెండర్ యాంప్‌ల ముందు ఈ పెడల్ పెట్టుకునేవాడు. ఫెండర్‌లో తక్కువైన మిడ్‌ని ఇది పూడ్చేస్తుంది.

4. ఫజ్: పాడైన మిక్సర్ ఇచ్చిన వరం

1961లో విడుదలైన మార్టీ రాబిన్స్ పాటని నాష్‌విల్‌లో రికార్డ్ చేస్తుంటే మిక్సింగ్ కన్సోల్ చెడిపోయి, గ్రేడీ మార్టిన్ వాయించిన బేస్ సోలో జుమ్ముమంటూ చిరిగినట్టు వచ్చింది. తీసెయ్యకుండా అలాగే ఉంచేశారు. ఆ శబ్దమే కావాలని 1962లో మాస్ట్రో ఫజ్ టోన్ పెడల్ తయారుచేశారు. 1965లో రోలింగ్ స్టోన్స్ వాడాక దానికి గిరాకీ వచ్చింది. 1966లో గుండ్రటి ఫజ్ ఫేస్ వచ్చింది, దాన్ని జిమీ హెండ్రిక్స్ వాడాడు.

ఒక ప్రయోగం చేసి చూడండి. ఫజ్ ఫేస్ తరహా పెడల్‌లో ఫజ్ పూర్తిగా పెంచి, గిటార్ వాల్యూమ్ 10లో ఒక కార్డ్ కొట్టండి. తుమ్మెదల గుంపు లేచినట్టుంటుంది. వాల్యూమ్ 8కి తెస్తే రొద సర్దుకుని ఓవర్‌డ్రైవ్ అవుతుంది. 5 దగ్గర గాజు తునకల్లాంటి క్లీన్ టోన్. ఇది జరగాలంటే ఫజ్‌ని గిటార్ పక్కనే, అన్నిటికంటే ముందు పెట్టాలి. మధ్యలో బఫర్ (సిగ్నల్‌ని బలపరిచే సర్క్యూట్) ఉన్న పెడల్ ఏదైనా వస్తే ఈ చమత్కారం పోతుంది, పైగా చెవులు చిల్లులు పడే కీచు మిగులుతుంది.

5. మిగతా వరుస

గిటార్ నుంచి వరుసగా ఫజ్, వా (వావా అని పలికించేది), ఓవర్‌డ్రైవ్, కోరస్ (రెండు గిటార్లు కలిసి పలికినట్టు చేసేది), డిలే (ప్రతిధ్వని), రివర్బ్. గరగర యాంప్‌ది అయితే డిలే, రివర్బ్‌లని యాంప్ వెనకాల ఉండే ఎఫెక్ట్స్ లూప్‌లో (గరగర పుట్టాక పెడల్స్ కలిపే సాకెట్లు) పెట్టండి, లేకపోతే ప్రతిధ్వనులు కూడా గరగరలాడి ముద్దగా అవుతాయి. 80ల క్లీన్ కోరస్ కావాలంటే రోలండ్ జేసీ-120 యాంప్‌ని నమూనాగా తీసుకోండి.

డిలేకి లెక్క ఉంది. 60,000ని పాట టెంపోతో భాగిస్తే ఒక బీట్ ఎన్ని మిల్లీసెకన్లో వస్తుంది. టెంపో 120 అయితే 500. యూ2 గిటారిస్ట్ ఎడ్జ్ తరహా డాటెడ్ ఎయిత్ కావాలంటే అందులో ముప్పావు, అంటే 375. 50ల రాకబిల్లీ స్లాప్‌బ్యాక్‌కి (వెంటనే వచ్చే పొట్టి ప్రతిధ్వని) 100 మిల్లీసెకన్లు దాటితే చాలు, ఒక్కటే రిపీట్.

6. డబ్బులు తగలెయ్యకుండా

డిస్టార్షన్ పెడల్‌ని బ్లూటూత్ స్పీకర్‌కో హెడ్‌ఫోన్‌కో నేరుగా తగిలిస్తే దోమల గోలలా ఉంటుంది. గిటార్ స్పీకర్ సుమారు 5,000 హెర్ట్జ్ పైన పలకడం దాదాపు మానేస్తుంది, మామూలు స్పీకర్లు ఆ చెత్తంతా వినిపిస్తాయి. క్యాబినెట్ సిమ్యులేషన్ (గిటార్ స్పీకర్ పెట్టెని అనుకరించేది) ఉన్న మల్టీ ఎఫెక్ట్స్ గానీ ఫోన్ యాప్ గానీ వాడండి.

అమెరికా నుంచి యాంప్ తెచ్చుకుంటున్న మనవాళ్లకి ఒక హెచ్చరిక. అక్కడి కరెంటు 120 వోల్టులు, ఇక్కడ 230. యాంప్ వెనక రాసున్న వోల్టేజీ చూడకుండా ప్లగ్ పెడితే యాంప్ పోయినట్టే. స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనండి, యాంప్ వాడుకునే వాట్లకంటే కాస్త పెద్దది. వాల్వ్ యాంప్ (గాజు ట్యూబులతో పనిచేసేది) అయితే స్పీకర్ కలపకుండా ఎప్పుడూ ఆన్ చెయ్యకండి, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. ఎక్కువ పెడల్స్‌కి 9 వోల్టులు, లోపలి పిన్ను నెగటివ్. అయినా అడాప్టర్ గుచ్చేముందు పెడల్ మీద గుర్తు చూసుకోండి, కొన్ని పాత ఫజ్‌లు దానికి ఉల్టా.

నా పాత డిస్టార్షన్ పెడల్ ఇంకా నా దగ్గరే ఉంది. తర్వాతి రిహార్సల్‌కి అదే పట్టుకెళ్లాను, గెయిన్ 3, మిడ్ 7. రెండో పాట సగంలో డ్రమ్మర్ వాయించడం ఆపి, నన్ను కాస్త వాల్యూమ్ తగ్గించమన్నాడు.