పరుగు బూట్లకు ఇన్‌సోల్ - 3వ పాఠం: కొలత, కోత, అలవాటు

పోయిన పాఠంలో అరికాలి వంపుకు తగిన ఇన్‌సోల్ (బూటు లోపల పాదం కింద ఉండే పొర) ఎంచుకున్నాం. ఇప్పుడు దాన్ని బూటులో కూర్చోబెడదాం.

ముందు బూటుతో వచ్చిన పాత ఇన్‌సోల్ బయటికి తీయండి. చాలామంది దానిమీదే కొత్తది వేసేస్తారు. అలా చేస్తే లోపల జాగా తగ్గి, అడుగు వేసినప్పుడల్లా మడమ పైకి లేస్తుంది. లేసుల కింద పాదం నొక్కుకుపోయి వేళ్లు తిమ్మిరెక్కుతాయి. పోటీల కోసం చేసిన కొన్ని బూట్లలో ఇన్‌సోల్‌ను జిగురుతో అతికిస్తారు. బలవంతంగా పీకితే కింది పొర కూడా చినిగిపోవచ్చు, ఆ జతను వదిలేయండి.

తీసిన పాతదే మీకు కొలబద్ద. రెండింటి మడమ అంచులు సరిగ్గా కలిపి, వేళ్ల వైపు పెన్నుతో గీయండి. కోత వేళ్ల వైపే, మడమ వైపు కత్తెర తగలకూడదు. అక్కడ కోస్తే మడమను పట్టి ఉంచే గుంట పాడవుతుంది, వంపు కూడా చోటు తప్పుతుంది. గీతకు 2 మి.మీ. బయట కోసి, బూటులో పెట్టి చూసి, మళ్లీ కొద్దికొద్దిగా తగ్గించండి. ముందు అంచు పైకి మడత పడుతుంటే ఇంకా పొడుగుందన్నమాట. మరీ పొట్టి చేస్తే పరుగులో ముందుకు జారి, వేళ్ల కింద గట్టులా తగులుతుంది. అప్పుడు చేయగలిగింది ఏమీ లేదు, కొత్తది కొనాల్సిందే.

పరిగెత్తేటప్పుడు వేసుకునే సాక్సులతోనే నిలబడి చూడండి. ఇన్‌సోల్‌లో వంపు కోసం ఉన్న ఉబ్బు బొటనవేలి మొదట్లోని ఎముకను ఒత్తుతుంటే సైజు తప్పింది. కోతతో అది సరికాదు.

మొదటి రోజు ఇంట్లో గంటసేపు నడవండి, రోజూ కొంత పెంచండి. నాలుగైదు రోజులకు నొప్పి లేకపోతే 2 కిలోమీటర్లు నెమ్మదిగా పరుగెత్తండి. అరికాలి లోపలి అంచున మంట పుడితే అక్కడే ఆపేయండి, ఆ తర్వాత వచ్చేది బొబ్బే. హైదరాబాద్ మారథాన్ జరిగే ఆగస్టులో గాలిలో తేమ ఎక్కువ, చెమటకు నానిన చర్మం ఇంకా త్వరగా ఒరుసుకుపోతుంది. పోటీ రోజున కొత్త ఇన్‌సోల్ వద్దే వద్దు.

షుగరు వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు ఈ పని సొంతంగా చేయకండి. పుండు పడినా తెలియదు, డాక్టరుకు చూపించి వేయించుకోండి.

పరుగయ్యాక ఇన్‌సోల్ తీసి నీడలో ఆరబెట్టండి. మేడమీద ఎండలో పెడితే దానిలోని ఫోమ్ ముడుచుకుపోతుంది.

వచ్చే పాఠానికి: పది పరుగుల తర్వాత రెండు ఇన్‌సోళ్ల అడుగుభాగం ఫొటో తీసి ఉంచుకోండి. అరుగుదలను చదవడం అక్కడ మొదలుపెడదాం.